రెండువందల పద్నాలుగో లైను

మలక్‌పేట దవాఖాన నుంచి మళ్ళీ ఫోను.
"బటన్ నొక్కుతున్న సార్. ఏం అయితలేదు.
మొన్నటిదాంక మంచిగనే ఉండె."
యాదమ్మ గొంతు వెనక
ఎవరో పసివాడు ఆగకుండా దగ్గుతున్నాడు.

నా దగ్గర అవుతోంది.
మా వృత్తిలో ఇంతకంటే పాత మాట లేదు.
నిజమే, అయినా ఎవరికీ పనికిరాదు.

అమీర్‌పేట, నాలుగో అంతస్తు.
కిటికీ అవతల మెట్రో పోయినప్పుడల్లా
మానిటర్ మీద ఒక నీడ
ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతుంది.
కింద ఫ్లెక్సీ: ముప్పై రోజుల్లో జావాస్క్రిప్ట్.
నాకు పదకొండేళ్ళయింది, ఇంకా ముప్పయ్యో రోజు రాలేదు.

కోడ్‌లో మలుపు మలుపుకీ ఒక మాట పెట్టాను,
"ఇక్కడికొచ్చా",
"ఇక్కడికీ వచ్చా",
మేక మెడలో గంట కట్టి
చీకట్లో వదిలినట్టు.
రెండువందల పద్నాలుగో లైను దాకా గంట మోగింది.
తర్వాత చప్పుడు లేదు.

ఆ లైను నేనే రాశాను,
రెండేళ్ళ కింద, ఒక శుక్రవారం, ఆకలి మీద:
వచ్చినవాడి పేరులో సఫారీ అని ఉంటే ఈ దారి,
లేకపోతే ఆ దారి.

ఎంత చిన్నది ఈ "తే".
వస్తే, ఇస్తే, ఉంటే, పోతే.
క్రియ తోకకి వేలాడే ఒక్క అక్షరం,
దానిమీద ఎన్ని కొంపలు నిలబడ్డాయో.

సువార్త కుర్చీ లాక్కుని వచ్చింది.
చేతిలో సగం కొరికిన జామకాయ, ఉప్పూ కారం.
"పేరెందుకు అడిగావు?" అంది.

"మొన్న ఎవరో వాళ్ళకి క్రోమ్ వేసి ఉంటారు.
క్రోమ్ తన పేరులో సఫారీని కూడా చెప్పుకుంటుంది.
ఎడ్జ్ ఆ రెంటినీ చెప్పుకుంటుంది.
అందరి మొదటి మాటా మొజిల్లానే.
ఒకప్పుడు ఆ పేరు లేనివాళ్ళకి
మంచి పేజీ పెట్టేవాళ్ళు కాదు.
అందుకని నేర్చుకున్నాయి."

నేను నవ్వాను. తను నవ్వలేదు.

ఆదివారం నల్లకుంటలో టులెట్ బోర్డు చూసి
మూడంతస్తులు ఎక్కిందట.
గాలి బాగుంది. మంజీరా నీళ్ళు.
అద్దె కుదిరింది, అడ్వాన్సూ కుదిరింది.
ఇంటాయన తాళంచెవి వేలికి తిప్పుతూ
ఇంటిపేరేంటమ్మా అన్నాడు.
చెప్పింది.
మా అబ్బాయిని ఒక మాట అడుగుతానన్నాడు.
తాళంచెవి జేబులోకి పోయింది.

"మా అత్త వేరే ఇంటిపేరు చెప్పి
రామంతపూర్‌లో తొమ్మిదేళ్ళుంది తెలుసా.
చుట్టాల్ని బస్టాపు దగ్గరే కలిసేది."

ఇలా ఏకబిగిన చెప్పలేదు.
జామగింజలు నములుతూ, లైన్లు కిందికి జరుపుతూ,
మధ్యలో "ఇక్కడ బ్రాకెట్ మూయలేదు" అంటూ చెప్పింది.

తర్వాత నా కీబోర్డు తీసుకుని
ఆ లైను చెరిపేసింది.
నువ్వెవరు అని కాదు,
నీకిది వచ్చా అని అడిగింది.
తేదీ ఎంచుకునే పెట్టె నీ దగ్గరుందా?
ఉంటే వాడుకో.
లేకపోతే ఇవిగో మూడు మామూలు గళ్ళు,
రోజు, నెల, ఏడాది.

"అయింది సార్," అంది యాదమ్మ.
దగ్గుతున్న పిల్లాడికి
నలభై మూడో టోకెన్.

అదే ఫైల్లో వెతికితే
పేరు అడిగే చోట్లు ఇంకా ముప్పై ఏడు.
సాయంత్రానికి పన్నెండు తీశాను.

చైతన్యపురిలో మా పైవాటా
రెండు నెలల్నుంచి ఖాళీ.
గేటుకి అట్టముక్క కట్టి ఉంది:
శాకాహారులకు మాత్రమే.
ఆ లైనూ నేనే రాశాను.
సువార్తకి చెప్పలేదు.

ఎనిమిదింటికి మెట్రో దిగి గేటు ముందు నిలబడి
ఎవరిదో పాత కోడ్ చదివినట్టు
ఒక్కో అక్షరం చదివాను.
అట్ట వానకి ఉబ్బి, మూలలు విడిపోయాయి.
మార్కర్ మాత్రం
ఎక్కడా చెదరలేదు.